లేబుల్ మా చేతికి వస్తే కదా చదివేది!

సంపాదకుడి గారికి నమస్కారం.

గతవారం మీ జిల్లా పేజీలో సొంత వైద్యం మానాలని, లేబుల్ చదివాకే మందులు వాడాలని అధికారులు చెప్పినట్టు వచ్చింది. తప్పంతా కొనేవాళ్లదే అన్నట్టున్న ఆ మాట చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

మెడికల్ షాపులో నాలుగు మాత్రలు అడిగితే కత్తెరతో కత్తిరించి చిన్న కవర్లో వేసి ఇస్తారు. గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న చివరి ముక్క చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది. మందు పేరు కూడా సగమే మిగులుతుంది. పోనీ స్ట్రిప్ మొత్తం కొన్నా ఒక్క తెలుగు అక్షరం కనపడదు. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లు రంగు చూసి మాత్రలు గుర్తుపెట్టుకుంటున్నారు. కంపెనీ మారితే ఆ రంగూ మారిపోతుంది.

జ్వరానికి పారాసిటమాల్ 650 రోజుకు నాలుగు వేసుకుంటూ, జలుబు మాత్ర కూడా నాలుగు పూటలా మింగేవాళ్లున్నారు. జలుబు మాత్రల్లో చాలావాటిలో మళ్లీ 500 మిల్లీగ్రాముల పారాసిటమాలే ఉంటుంది. అంటే రోజుకు 4,600. పెద్దవాళ్లకు 4,000 దాటితే కాలేయానికి ముప్పు. తాగుడు అలవాటున్నవాళ్లకు అంతకంటే తక్కువకే ప్రమాదం. కౌంటర్ దగ్గర ఈ లెక్క చెప్పే మనిషేడీ? జ్వరంతో ఒళ్లు నొప్పులంటే డైక్లోఫెనాక్ చేతిలో పెడతారు. అది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ జ్వరం డెంగీ అయితే ఈ మందుతో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రతోనూ అంతే.

చీటీ మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ పర్యవేక్షణలోనే ఇవ్వాలని చట్టం చెబుతోంది. చాలా షాపుల్లో ఆయన సర్టిఫికెట్ గోడకు ఉంటుంది, ఆయన ఉండడు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగి పసిపిల్లలు చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం ఉన్న సంగతి ఏ తల్లి లేబుల్ చదివి కనిపెట్టగలదు? అది చూడాల్సింది అధికారులే. ఏ శాఖ చూసినా ఇదే తీరు, ప్రజలకు జాగ్రత్తలు చెప్పేసి తమ పని అయిపోయిందనుకుంటున్నారు.

కవరు మీద మందు పేరు, గడువు తేదీ, రోజుకు ఎన్ని వేసుకోవాలో తెలుగులో రాసి ఇవ్వాలని షాపులను ఆదేశించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తనిఖీలు రాత్రి ఏడు, ఎనిమిది గంటలప్పుడు చేయాలి. జనం ఎక్కువగా వచ్చేదీ, ఫార్మసిస్ట్ కనిపించనిదీ ఆ వేళల్లోనే.

– ఒక పాఠకుడు, తెనాలి