అలారం మోగితే బండి ఎక్కడ ఆపాలి?

సంపాదకులకు నమస్కారములు.

లారీలు, బస్సుల క్యాబిన్లలో చిన్న కెమెరా అమర్చి, డ్రైవరుకు కునుకు పడుతున్నా, చూపు రోడ్డు మీది నుంచి మళ్లినా వెంటనే హెచ్చరించే పరికరాల గురించి ఇటీవల విరివిగా చర్చ జరుగుతోంది. ఎనిమిది మందికి మించి ప్రయాణికులను ఎక్కించుకునే వాహనాల్లోనూ, మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే సరకు వాహనాల్లోనూ ఇటువంటి పరికరం ఉండాలని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2025 మార్చిలో వెలువరించిన ముసాయిదాలో ప్రతిపాదించింది. టెక్కలిలో రెండు లారీలు తిప్పుకుంటున్న చిన్న యజమానిగా నేను దీనిని మనసారా స్వాగతిస్తున్నాను. అయితే డ్రైవరుకు నిద్ర వస్తోందని తేలిన తరువాత అతడు బండిని ఎక్కడ ఆపాలి, ఆపినందుకు అతడి బత్తాకూ ఉద్యోగానికీ ముప్పు రాకుండా ఎవరు చూడాలి అన్న సంగతి తేల్చకుండా కెమెరాలు పెట్టుకుంటూ పోతే, వాటి వల్ల కలగవలసిన మేలులో సగం కూడా దక్కదని నా అభిప్రాయం.

పదహారో నంబరు జాతీయ రహదారి ఇచ్ఛాపురం దగ్గర మన శ్రీకాకుళం జిల్లాలో ప్రవేశించి, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా విజయనగరం జిల్లాలోకి వెళుతుంది. చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగే బండ్లకు మన జిల్లా దారి మధ్యలో పడుతుంది కాబట్టి, ఎటు నుంచి వచ్చిన డ్రైవరైనా ఇక్కడికి చేరేసరికి బాగా అలసిపోయి ఉంటాడు. భీమవరం, ఆకివీడు ప్రాంతాల నుంచి ఐసులో పెట్టిన చేపల లోడ్లు హౌరాకు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేస్తాయి. ఐసు కరగక ముందే మార్కెట్టుకు చేరాలి గనుక ఆ డ్రైవర్ల మీద ఉండే ఒత్తిడి మాటల్లో చెప్పలేనిది. సాయంత్రం లోడు కట్టుకుని బయలుదేరిన బండి మన ప్రాంతానికి వచ్చేసరికి తెల్లవారుజామవుతుంది. సరిగ్గా ఆ వేళలోనే మనిషి శరీరం నిద్రను అన్నిటికన్నా గట్టిగా కోరుకుంటుంది. రాత్రి రెండు గంటల నుంచి అయిదారు గంటల దాకా ఆ ఒత్తిడి ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మరికొంత ఉంటుంది. ఎన్నేళ్ల అనుభవం ఉన్న డ్రైవరైనా దీనిని మార్చుకోలేడు.

నిద్ర అంటే తల వాల్చి గురక పెట్టడమే కానక్కరలేదు. కళ్లు సగం తెరిచి ఉండగానే మెదడు మూడు నాలుగు సెకన్ల పాటు పనిచేయడం మానేస్తుంది, ఆ తరువాత అడిగితే తనకు కునుకు పట్టిన సంగతి డ్రైవరుకే తెలియకపోవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ సెకనుకు 22 మీటర్లు కదులుతుంది, అంటే నాలుగు సెకన్ల కునుకులో దాదాపు 90 మీటర్ల దూరం ఆ బండిని నడిపేవారు ఎవరూ ఉండరు. ఇటువంటి ప్రమాదాలలో చాలాసార్లు రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తులైనా కనిపించకపోవడానికి కారణం ఇదే. వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చింది. మన మోటారు వాహనాల చట్టం బండి నడిపేవారికి మద్యం పరిమితిని 30 మిల్లీగ్రాముల వద్దే పెట్టింది. తాగి నడిపేవాడిని పట్టుకోవడానికి పోలీసుల చేతిలో ఊదే యంత్రం ఉంది గానీ, అంతకన్నా మత్తుగా ఉన్న నిద్రలేని డ్రైవరును పట్టి చూపే సాధనం ఇంతకాలం లేదు. కెమెరా అవసరం అక్కడే ఉంది.

ఈ పరికరం పనితీరును మా డ్రైవర్లకు నేను వివరించిన రీతిలోనే ఇక్కడ చెబుతాను. స్టీరింగు దగ్గర గానీ, అద్దం పక్కనున్న స్తంభం మీద గానీ ఉండే కెమెరా, కంటికి కనిపించని పరారుణ కాంతిని డ్రైవరు ముఖం మీద ప్రసరింపజేస్తుంది. అందువల్ల చిమ్మచీకటిలోనూ, చాలా రకాల చలువ కళ్లద్దాల వెనుక నుంచీ కూడా కనురెప్పలను చూడగలుగుతుంది. ఒక నిమిషంలో ఎంత భాగం కాలం రెప్పలు ఎనభై శాతానికి పైగా మూసుకుని ఉన్నాయన్నది దీనికి ముఖ్యమైన కొలత. దానితో పాటు రెప్పపాటు ఎంత నెమ్మదించింది, ఆవులింతలు ఎన్ని వస్తున్నాయి, తల ఎటు వాలుతోంది, చూపు ఎక్కడ నిలిచింది అన్నవి కూడా గమనిస్తుంది. ముఖాన్ని చూడకుండా, స్టీరింగు తిప్పే తీరునూ బండి గీత దాటడాన్నీ బట్టి అలసటను అంచనా వేసే పద్ధతి మరొకటి ఉంది. మెర్సిడెస్ బెంజ్ 2009లో తెచ్చినది అటువంటిదే. ముఖం వైపు చూసే కెమెరాను టయోటా సంస్థ 2006లోనే తన లెక్సస్ కార్లలో పెట్టింది. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త వాహనంలోనూ నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి అయింది. దృష్టి మళ్లడం విషయంలో అక్కడి నిబంధన ఎంత స్పష్టంగా ఉందంటే, వేగం 50 కిలోమీటర్లు దాటినప్పుడు డ్రైవరు చూపు మూడున్నర సెకన్ల పాటు కిందికే ఉండిపోతే హెచ్చరిక రావాలి. ఒళ్లో ఫోను పెట్టుకుని వీడియోలు చూస్తూ బండి నడిపేవారిని మన రోడ్డు మీద చూసిన వారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పరికరానికి లోపాలు లేకపోలేదు. ఎదురు ఎండ నేరుగా కెమెరా మీద పడినప్పుడూ, కళ్లజోడు అద్దం మీద కాంతి ప్రతిఫలించినప్పుడూ అది తడబడుతుంది. చలికాలంలో ముక్కు దాకా తువ్వాలు చుట్టుకునే అలవాటు మన డ్రైవర్లకు ఉంది, అప్పుడు ఆవులింత కనిపించదు. పక్క అద్దంలోకి చూసినా మోగే నాసిరకం పరికరాలు కూడా మార్కెట్టులో ఉన్నాయి. అకారణంగా పదేపదే మోగేదానిని ఏ డ్రైవరూ భరించలేడు. దాని మీద నల్ల టేపు అంటించేస్తాడు. అందుకే పాత బండ్లకు చవకలో దొరికిందేదో బిగించి సరిపెట్టుకోకుండా, ఇటువంటి పరికరాలకు మన దేశంలో నిర్దేశించిన ఏఐఎస్-184 ప్రమాణానికి తగినదేనా అని చూసి కొనమని తోటి యజమానులను కోరుతున్నాను.

నా లారీలలో ఒకదానికి ఇటువంటి పరికరం పెట్టించాను. పెట్టించిన రోజున మా డ్రైవరు, వయసులో నాకన్నా పెద్దవాడు, అంతా శ్రద్ధగా విని, ‘అది మోగుతుంది సరే బాబూ, మోగినప్పుడు బండి ఎక్కడ ఆపమంటారు?’ అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర తృప్తికరమైన సమాధానం లేదు. రోడ్డు అంచున ఆపితే, వెనుక నుంచి అదే నిద్రమత్తులో వచ్చే మరో బండి గుద్దేస్తుంది. పుష్య మాసపు మంచులో ఆగి ఉన్న లారీ దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. పెట్రోలు బంకులో ఆపుదామంటే, డీజిల్ కొట్టించుకోని బండిని ఎక్కువసేపు ఉండనివ్వరు. దాబా ముందు స్థలం అర్ధరాత్రికే నిండిపోతుంది. ఎక్కడో చీకట్లో ఆపి కన్ను మూస్తే, లేచేసరికి ట్యాంకులో డీజిలూ, బ్యాటరీలూ, మీద కప్పిన టార్పాలినూ ఉంటాయో లేదో తెలియదు. ఇన్ని భయాల మధ్య డ్రైవరు అలారాన్ని వింటూనే, కిటికీ దించి, పాటల శబ్దం పెంచి, ముందుకే పోతాడు.

మన రాష్ట్రంలో పోలీసులు రాత్రివేళ లారీలను ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపుతున్నారు. ఆ పనిలో ఉన్న మంచి మనసును నేను గౌరవిస్తాను. కానీ చన్నీళ్ల ప్రభావం కాసేపే ఉంటుంది. కాఫీ, టీ అయినా ఒంటికి పట్టడానికి సుమారు అరగంట పడుతుంది. నిద్రకు మందు నిద్రే. కాఫీ తాగి, అది పనిచేయడం మొదలుపెట్టేలోగా పదిహేను ఇరవై నిమిషాలు నడుం వాల్చడం అన్నిటికన్నా మంచి ఉపాయమని ఈ విషయంలో పరిశోధన చేసినవారు చెబుతున్నారు. డ్రైవరును ఆపిన పోలీసులే అతడికి ఆ ఇరవై నిమిషాలు పడుకునే చోటు కూడా చూపించగలిగితే ఎంత బాగుంటుంది!

ఇక యజమానుల వైపు నుంచి మాట్లాడాలి. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదనీ, అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. లారీల రంగంలో దానిని పాటించినవారు అరుదు. ట్రిప్పుకు ఇంత అని కూలి కట్టినప్పుడు, ఎంత త్వరగా తిరిగి వస్తే అంత లాభం గనుక డ్రైవరు తనంతట తానే నిద్ర మానుకుంటాడు. సరకు పంపేవారు ఆలస్యానికి కిరాయిలో కోత పెడతారు, ఆ కోతను యజమాని డ్రైవరు మీదికి తోస్తాడు. ఇప్పుడు కెమెరా తీసిన దృశ్యం నేరుగా యజమాని ఫోనుకు చేరే సదుపాయం కూడా వచ్చింది. అర్ధరాత్రి ఆ దృశ్యం చూసిన యజమాని వెంటనే డ్రైవరుకు ఫోను చేసి తిడితే, నిద్రమత్తులో ఉన్న మనిషికి నడుస్తున్న బండిలో ఫోను ఎత్తవలసిన అదనపు ప్రమాదం తెచ్చిపెట్టినట్లవుతుంది. నెలాఖరున అలారాల సంఖ్య లెక్కపెట్టి జీతం కోసినా అంతే. డ్రైవరు కెమెరాకు శత్రువవుతాడు గానీ నిద్రకు కాడు. దూరపు లోడుకు ఇద్దరు డ్రైవర్లను పంపడమే అసలైన దారి. ఖర్చు ఎక్కువే, నాకు తెలుసు. ఆ ఖర్చు కిరాయిలో కలవాలని సరకు పంపే వ్యాపారులతో మన సంఘాలు గట్టిగా మాట్లాడాలి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేసిన కేంద్ర నిర్ణయం కూడా మధ్యాహ్నపు మగతను తగ్గించడానికి ఎంతో తోడ్పడుతుంది.

డ్రైవరు ముఖపు దృశ్యాలు ఎవరి సొత్తు అన్న విషయంలోనూ నిబంధన కావాలి. ఈ పరికరాలు అవసరానికి మించి ఏ సమాచారాన్నీ దాచరాదనీ, ఉన్నదానిని మూడో వ్యక్తికి ఇవ్వకుండా పని కాగానే తుడిచివేయాలనీ ఐరోపా సమాఖ్య 2019 నాటి నిబంధనలోనే రాసుకుంది. మన తుది నిబంధనలలోనూ ఆ మాట ఉండాలి. క్యాబిన్ అంటే దూరప్రయాణపు డ్రైవరుకు పని చేసే చోటే కాదు, తినే చోటూ, పడుకునే చోటూ కూడా.

జిల్లా కలెక్టరు అధ్యక్షతన పనిచేసే రహదారి భద్రతా కమిటీకి నా విన్నపం ఒకటి ఉంది. మడపాం టోల్‌గేటుకు అటూ ఇటూ, టెక్కలి–పలాస మధ్య, పలాస–ఇచ్ఛాపురం మధ్య లారీలు ఆపుకునే స్థలాలకు దీపాలు, నీళ్లు, మరుగుదొడ్లు, రాత్రి కాపలా ఏర్పాటు చేయించాలి. అటువంటి చోటు ఎంత దూరంలో ఉందో డ్రైవరుకు ముందుగానే తెలిసేలా తెలుగు, ఒడియా, హిందీ భాషలలో బోర్డులు పెట్టించాలి. రాత్రి రెండు నుంచి ఆరు గంటల దాకా డీజిల్ కొట్టించుకున్నా కొట్టించుకోకపోయినా బండి ఆపుకోనిచ్చేందుకు బంకుల యజమానులను ఒప్పించాలి. అలారం మోగినప్పుడు ఆపిన సమయానికి బత్తాలో గానీ జీతంలో గానీ కోత ఉండదని నా డ్రైవర్లిద్దరికీ కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆ కాగితం నకలు కావాలన్న యజమానులకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.