ముప్పై కిలోమీటర్లు అయిందిరా!

విశాఖపట్నం,
ఆదివారం, జూలై

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది. కోపం వచ్చే ఉంటుంది, ఏమనుకోకురా. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పాప ఏడో తరగతిలోకి వచ్చింది. లోను ఇంకా తేలలేదు. అవన్నీ తర్వాత. ఈరోజు పొద్దున్న నేను 30 కిలోమీటర్లు పరిగెత్తాను!

డిసెంబరులో మొదలుపెట్టినప్పుడు రెండు నిమిషాలు పరుగు, నాలుగు నిమిషాలు నడక. బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర బయల్దేరితే వుడా పార్కు వచ్చేసరికి ఊపిరి ఆడేది కాదు. 5 కిలోమీటర్లకి 48 నిమిషాలు పట్టింది. తప్పెక్కడో తెలియడానికే రెండు నెలలు పట్టిందిరా. నేను మరీ వేగంగా పరిగెత్తేవాణ్ణి. పక్కవాడితో మాట్లాడుకుంటూ పోగలిగేంత నెమ్మదిగా వెళ్ళాలట. మొదట్లోనే దూకితే ఒంట్లో దాచుకున్న చక్కెరంతా ముందే అయిపోయి, చివర్లో కాళ్ళు మొరాయిస్తాయి. ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్నది ముఖ్యంగా ఇదే, నెమ్మదిగా వెళ్ళడం.

ఇవాళ తెల్లవారుజామున నాలుగింటికి కాళీమాత గుడి దగ్గర బయల్దేరాను. తొట్లకొండ కింద వెనక్కి తిరిగేసరికి బాగా తెల్లారింది. అక్కడిదాకా హాయిగా వెళ్ళాను. తిరిగితే ఎదురుగాలి! జూలైలో ఇక్కడ నైరుతి గాలి ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, భీమిలి నుంచి సైకిళ్ళ మీద వచ్చిన రోజు గుర్తుందా? పైగా ఉక్కపోత. చొక్కా పిండితే నీళ్ళు. రుషికొండ దాటాక స్తంభాలు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. జోడుగుళ్ళపాలెం దగ్గర, 24 దాటాక, కుడి పిక్క పట్టేసింది. కాలు కింద పెట్టలేకపోయాను. గట్టు మీద కూలబడ్డాను. నిజం చెప్తున్నా, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

వేట నిషేధం జూన్ 14తో అయిపోయింది కదా, కింద ఇసుకలో పెద్దవల లాగుతున్నారు. పాతికమంది దాకా ఉంటారు. మడమలు ఇసుకలో దిగేసి, తాడు పట్టుకుని ఒక్కో అడుగే వెనక్కి. అందరికంటే వెనకున్నవాడు తాడు వదిలి, నీళ్ళ దాకా నడిచి వెళ్ళి, మళ్ళీ మొదట్లో పట్టుకుంటున్నాడు. తర్వాత ఇంకొకడు. ఎవరికీ తొందర లేదు. వల ఇంకా ఎక్కడో సముద్రంలోనే ఉంది. చూస్తూ ఉండిపోయాను.

గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక మామ్మ, "ఏటి నాయినా, పిక్క పట్టీసిందేటి?" అంటూ తన కేన్లోంచి గ్లాసుడు చోడి అంబలి, అదే రాగి అంబలి, పోసి ఇచ్చింది. ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. ఆ ఉప్పు నాలుక మీద పడగానే ప్రాణం లేచొచ్చిందిరా. డబ్బులిస్తే తీసుకోలేదు. పిక్క నొక్కుకుంటూ లేచి, ఒక స్తంభం దాకా నడక, రెండు స్తంభాలు పరుగు, అలా తెన్నేటి పార్కు ఎత్తు ఎక్కాను. ఆ తర్వాత ఆగలేదు. మొత్తం 3 గంటల 52 నిమిషాలు. గుడి మెట్ల మీద కూర్చుంటే నాన్న గుర్తొచ్చాడు. ఆయన చివరిసారి ఆ మెట్ల మీదే... సరే, అది నువ్వొచ్చాక.

ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చాను, ఫుల్‌కే. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఆ 195 మీటర్ల లెక్క 1908 లండన్ ఒలింపిక్స్ నుంచి వచ్చిందట. ఇంకా 12 కిలోమీటర్లు కావాలి, అదీ ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ! భయంగానే ఉంది. పరుగు మొదలయ్యే పీపుల్స్ ప్లాజాకి నువ్వు రానక్కర్లేదు, నిద్రపో. పరుగు ముగిసే గచ్చిబౌలి స్టేడియంకి మాత్రం తప్పకుండా రా. స్కూల్ గ్రౌండ్‌లో ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక నా రెండో చెప్పు పట్టుకుని నిలబడ్డావు చూడు, అలాగే నిలబడు. డ్రిల్ మాస్టారి మాట మాత్రం అనకు, నవ్వొస్తే పరిగెత్తలేను.

ఇంకా బూట్ల సంగతి రాయాలి, గోరు ఊడిన సంగతి రాయాలి... బి షిఫ్టు బస్సు వచ్చేసింది, కింద హారన్ కొడుతున్నాడు. ఉంటాను రా,

నీ
రాజు