కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (2024–25)

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధిదీపాలు, పార్కు గోడ సంగతులు ఎప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపులో పెడుతూనే ఉన్నాం కాబట్టి మళ్లీ చెప్పను. ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవాల్సింది పిల్లల ఫోన్ ఖర్చుల మీద పెట్టిన శిబిరం గురించి.

2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రీచార్జి రేట్లు పెంచాక ఏ సమావేశంలో చూసినా తల్లుల నోట ఇదే మాట. ఇంటికి మూడు నాలుగు నంబర్లు. రోజువారీ డేటా సాయంత్రానికే అయిపోతుంది, పిల్లలు ఇంకో చిన్న ప్యాక్ వేయించుకుంటారు. ఇరవయ్యేగా అనుకుంటాం, నెలాఖరుకు అవన్నీ కలిపి అసలు ప్లాన్‌తో పోటీ పడతాయి. ఇవి కాక గేముల్లో కొనే డైమండ్లు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో బల్లలు వేసి, వచ్చినవాళ్ల ఫోన్లు ఒక్కొక్కటే చూశాం. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాం. అడక్కుండానే కాలర్ ట్యూన్ల లాంటివి తగులుకున్న నంబర్ల నుంచి 155223కు ఫోన్ చేయించి ఆపించాం. పరీక్షల రోజుల్లో డేటా మొత్తం బంద్ చేయాలంటే 1925కు స్టాప్ అని మెసేజ్ పెడితే చాలని చెప్పాం. ట్యూషన్‌కు వెళ్లే పిల్లకు మాట్లాడ్డానికే ఫోన్ ఇస్తే డేటా లేని ప్యాక్ అడగండి. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక అవి వచ్చాయి, షాపువాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఒక సభ్యుడు "మావాడికి అలాంటివి తెలీవండీ" అంటూనే కూర్చున్నారు. ఆయన యూపీఐ యాప్‌లో ఆటోపే (డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) తెరిస్తే ఏదో గేముకు నెలనెలా చందా కట్ అవుతోంది. పక్కనే నిలబడ్డ ఎనిమిదో తరగతి కుర్రాడు చెవులు ఎర్రబడి, "ఫ్రీ ట్రయల్ నాన్నా, ఆపడం మర్చిపోయా" అన్నాడు. రద్దు చేయడానికి ఎక్కడ నొక్కాలో చూపించిందీ వాడే. ఇక మధ్యాహ్నం నుంచి వాడికే ఒక బల్ల అప్పగించాం. మాకన్నా చురుగ్గా పనిచేశాడు.

కుర్చీలు ఇచ్చిన ప్రభుత్వ పాఠశాల హెడ్మాస్టరు గారికి, టీ, పకోడీ పంపిన మహిళా కమిటీకి, రాత్రి హాలు ఊడ్చి తాళం వేసిన వాచ్‌మన్ దంపతులకు సంఘం తరఫున ధన్యవాదాలు.

వస్తామంటూ గ్రూపులో బొటనవేలు గుర్తులు పెట్టినవాళ్లలో సగం మంది కూడా ఆ రోజు కనిపించలేదు. వస్తానని రెండుసార్లు మాటిచ్చిన టెలికాం అధికారి పొద్దున్నుంచీ ఫోన్ ఎత్తలేదు. ఫోన్ల శిబిరానికి పిలిస్తే ఫోనే ఎత్తకపోవడం మరీ విడ్డూరం.

జమాఖర్చుల ఆడిట్ పూర్తయింది, పట్టిక వెనక పేజీలో ఉంది. చందా బకాయిలు ఎవరివో వారికే తెలుసు.

రెండో శిబిరం వేసవి సెలవుల్లో పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. ఈసారి వాలంటీర్ల పేర్లు గ్రూపులో కాదు, ఈ సభలోనే కాగితం మీద సంతకంతో తీసుకుంటాం. నివేదికను ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

— కార్యదర్శి