చులహోమా రోడ్డు మీద నుంచి వచ్చాక

అమ్మలూ,

మొన్న కోపంతో ఫోన్ పెట్టేశావు. పాత పాటలు వాయించొద్దని నేనన్నానని అనుకున్నావు. నేనన్నది అది కాదు. నోటితో చెబితే సరిగ్గా రాలేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. నీ తెలుగు చదువు మూలపడకుండా కూడా పనికొస్తుంది. ఒత్తుల దగ్గర తడబడితే పైకి చదువుకో, దానంతటదే వస్తుంది.

వచ్చే నెల ప్రోగ్రాంలో మీ బ్యాండ్ "మీట్ మీ ఇన్ ద సిటీ" వాయిస్తోందన్నావు. ఎవరి పాటే అంటే "బ్లాక్ కీస్‌ది" అన్నావు, ఆ రాక్ బ్యాండ్ పేరు చెప్పి. నేను ఉలిక్కిపడింది అక్కడ. పాట గురించి కాదు, ఆ "ది" గురించి.

అది జూనియర్ కింబ్రో పాట. మన ఇంటికి గంట దూరంలో పుట్టి పెరిగిన మనిషి. ఇరవై రెండేళ్లుగా మెంఫిస్‌లో ఉంటూ నేనూ ఆయన పేరు మొన్నటిదాకా వినలేదు, కాబట్టి నీమీద పెద్దరికం చూపించడానికి నాకు హక్కు లేదనుకో. నువ్వు ఫోన్ పెట్టేశాక వెతికాను. ఆదివారం మీ నాన్నని లేవగొట్టి కారెక్కించి మిసిసిపి రాష్ట్రంలోని హాలీ స్ప్రింగ్స్ వెళ్లాను. బ్లూస్, అంటే ఇక్కడి నల్లవాళ్ల పాట, అనగానే అందరూ మిసిసిపి డెల్టా అంటారు, పలక మీద గీసినట్టు చదునుగా ఉండే నేల. ఇది అది కాదు. ఇక్కడ రోడ్డు మెలికలు తిరుగుతూ దిగి ఎక్కుతుంది. అందుకే ఈ వైపు సంగీతాన్ని హిల్ కంట్రీ బ్లూస్ అంటారు.

కింబ్రో 1930లో ఆ చుట్టుపక్కలే, హడ్సన్‌విల్‌లో పుట్టాడు. 1966లో మెంఫిస్‌లోని గోల్డ్‌వ్యాక్స్ అనే కంపెనీ ఆయన పాటలు రికార్డ్ చేసి, విడుదల చేయకుండా పక్కన పెట్టేసింది. అవి బయటికి వచ్చింది 2009లో, ఆయన పోయిన పదకొండేళ్లకి. గోల్డ్‌వ్యాక్స్ పక్కన పెట్టేశాక, ఆయన బతికుండగానే, ఇంకో చిన్న కంపెనీ ఒక సింగిల్ రికార్డ్ తెచ్చింది. దాని మీద పేరు తప్పు పడింది, "జూనియర్ కింబెల్" అని. మొదటిసారి లోకం ముందుకు వస్తే పేరు కూడా సరిగ్గా లేదు, చూడు. సొంత ఆల్బమ్ "ఆల్ నైట్ లాంగ్" వచ్చేసరికి 1992, ఆయనకి అరవై రెండేళ్లు. మీ నాన్న రిటైర్ అవుతానని కలలు కంటున్న వయసు.

ఆ ఆల్బమ్ విన్నాను. ఉన్నది చెబుతాను, మొదట పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురు చూశాను. మూడు నిమిషాలయ్యాక అర్థమైంది, ఇందాకటి నుంచీ నడుస్తున్నదే పాట అని! ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద ఉంటాడు. కింద తీగ తంబూర శ్రుతిలా మోగుతూనే ఉంటుంది, పైన గొంతు, గిటార్ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. డ్రమ్స్ మీద కొడుకు కెన్నీ, బేస్ మీద స్నేహితుడు, తోటి బ్లూస్ గాయకుడు ఆర్.ఎల్. బర్న్‌సైడ్ కొడుకు గ్యారీ. నువ్వు థియరీ క్లాసులో నేర్చుకున్న పన్నెండు బార్ల లెక్క, అదే బ్లూస్ పాటకి వేసే పన్నెండు తాళపు ఆవర్తాల లెక్క, ఇందులో దొరకదు. దగ్గర్లోనే చులహోమా అనే ఊళ్లో ఆయన జూక్ జాయింట్ ఉండేది, బీరు, డాన్సు, ఆదివారం రాత్రులు ఈ పాటలు. ఎదురుగా జనం ఆడుతుంటే పాట ఎందుకు ఆపుతాడు? వాళ్ల కాళ్లు అలిసిపోయినప్పుడే దానికి చివర.

ఆయన 1998 జనవరిలో పోయాడు. ఆ జాయింట్ 2000లో తగలబడిపోయింది. మేం చులహోమా మీదుగా రోడ్డు నంబర్ 4 మీద వెళ్లాం. మీ నాన్న "ఏం చూడాలే ఇక్కడ?" అని రెండుసార్లు అడిగారు. చూడటానికి ఏమీ లేదు, నిజమే. సమాధి మాత్రం చూశాం, కింబ్రో చాపెల్ దగ్గర. రాయి మీద చార్లీ ఫెదర్స్ మాట చెక్కి ఉంది, సంగీతానికి ఆది, అంతం జూనియర్ కింబ్రోయే అని. ఫెదర్స్ తెల్లవాడు, రాకబిలీ (కంట్రీ పాట కలిసిన తొలినాళ్ల రాక్ అండ్ రోల్) పాడి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన గిటార్ ఒడుపు నేర్చింది కింబ్రో దగ్గరే. నేర్చుకున్న చోటు ఒప్పుకున్నాడు, అది నాకు నచ్చింది.

ఇప్పుడు మీ బ్లాక్ కీస్ సంగతి. వాళ్లని తిట్టడానికి రాయట్లేదు, అసలు నీ బ్యాండ్‌కి వాళ్లే ఉదాహరణ కావాలంటున్నాను. ఆ బ్యాండ్ పుట్టిందే 2001లో, ఒహాయోలో, నీ కాలేజీకి రెండు గంటల దూరంలో ఉన్న ఆక్రన్‌లో. ఇద్దరే, ఒకడు గిటార్, ఒకడు డ్రమ్స్. 2002లో మొదటి ఆల్బమ్‌లోనే కింబ్రో పాట పెట్టారు. 2006లో ఏకంగా ఆరు పాటలతో ఒక చిన్న రికార్డ్ తెచ్చారు. దాని పేరేమిటో తెలుసుగా? "చులహోమా". కిందనే "ద సాంగ్స్ ఆఫ్ జూనియర్ కింబ్రో" అని. అంటే అట్ట మీదే ఊరి పేరు, మనిషి పేరు రెండూ. చివర్లో పాట కాదు, ఆయన భార్య మిల్‌డ్రెడ్ వాళ్లని మెచ్చుకుంటూ వదిలిన ఫోన్ మెసేజ్ ఉంటుంది. నువ్వది స్కిప్ చేసి ఉంటావు. ఈసారి విను.

డబ్బు కూడా ఉంది ఇందులో. అమెరికాలో ఇంకొకరి పాట రికార్డ్ చేసి అమ్మితే రాసినవాళ్ల హక్కుదారులకి కట్టాలి. 2006లో ఆ రేటు ఐదు నిమిషాల లోపు పాటకి కాపీకి 9.1 సెంట్లు. చిల్లరే, కానీ పేరు సరిగ్గా ఉంటేనే ఆ చిల్లరైనా సరైన ఇంటికి చేరుతుంది. రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్ మీ నాన్నకి దేవుళ్లు కదా, వాళ్ల "హోల్ లాటా లవ్" తన పాటలోంచి తీసుకున్నదేనని బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో కేసు వేయాల్సి వచ్చింది, రెండేళ్లకి రాజీ కుదిరింది. ఈ ముక్క మీ నాన్న ముందు అనకు, అన్నం తినరు.

2021లో బ్లాక్ కీస్ మళ్లీ ఆ కొండల పాటల వైపే వెళ్లారు, "డెల్టా క్రీమ్" అనే ఆల్బమ్‌తో. 11 పాటల్లో ఐదు కింబ్రోవి. ఈసారి ఇద్దరే కూర్చోలేదు. బర్న్‌సైడ్ పక్కన ఏళ్ల తరబడి వాయించిన కెన్నీ బ్రౌన్‌ని, కింబ్రోతో వాయించిన ఎరిక్ డీటన్‌ని పిలిచారు. రిహార్సల్ లేకుండా రెండు మధ్యాహ్నాల్లో, పది గంటల్లో అయిపోయిందట. నా చెవికి "చులహోమా" కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. అందులో డ్రమ్స్ మరీ ఖచ్చితంగా పడతాయి, పాటకి ఇస్త్రీ చేసినట్టు. ఇందులో కొంచెం ముడతలు మిగిలాయి. మీరు ఆ పాటకి మధ్యలో కొత్త కార్డ్ వేద్దామనుకుంటున్నారని చెప్పావు. వేసుకోండి, మీ ఇష్టం. ముందు ఒక గంట ఒకే కార్డ్ మీద వాయించి చూసి, అప్పుడు వేయండి.

ఇదంతా చెప్పడానికి నేనెవరిని అంటావు. చెబుతా.

నా డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీ పోటీల్లో జానపద గీతాల విభాగంలో నాకు మొదటి బహుమతి వచ్చింది. స్టీలు క్యారేజీ ఇచ్చారు, అమ్మమ్మ ఇంట్లో అటక మీద ఇప్పటికీ ఉంది. ఆ పాట నేను నేర్చుకుంది మా చేలో ఊడ్పులకి వచ్చే ఒక ముసలావిడ దగ్గర. ఆవిడ ఎత్తుకుంటే ముఠా అంతా అందుకునేది. ఒకే వరస, పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా, చేతులు కదిలినంతసేపూ. నేను గట్టు మీద కూర్చుని రాసుకుంటే నవ్వేది. పదాలు అప్పటికప్పుడు ఆవిడే కట్టేది, నా ఎదురుగానే కట్టింది. బహుమతి ఇస్తూ జడ్జిగారు "ఎవరు రాశారమ్మా?" అని మైకులో అడిగారు. "జానపదం సార్" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

జానపదం అంటే ఎవరూ రాయలేదని కాదు కదా, అమ్మలూ. ఎవరూ అడగలేదని. నేను కూడా. ఆవిడని అందరూ "మేస్త్రి పిన్ని" అనేవాళ్లు, నేనూ అంతే. పేరు తెలియదు. తరవాత సంక్రాంతికి వెళ్తే ఆవిడ లేదు.

కింబ్రో ఆల్బమ్ వింటుంటే నాకు ఆ చేను కనబడింది, అదీ సంగతి. మీ నాన్నకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

నిన్న పెద్ద మామయ్యకి ఫోన్ చేసి ఆవిడ పేరు కనుక్కోమన్నాను. "ముప్పై ఏళ్ల తరవాత ఇప్పుడు దేనికే?" అని నవ్వాడు. ఆ ముఠాలో చేసిన ఒకామె ఇంకా ఊళ్లోనే ఉందట, పొలం వైపు వెళ్లినప్పుడు అడుగుతానన్నాడు.

శనివారం ఫోన్ చెయ్యి, కోపం తగ్గితే. ప్రోగ్రాం వీడియో పంపేటప్పుడు పాట దగ్గర నుంచి కత్తిరించి పంపకు. పాటకి ముందు మైకు దగ్గర నువ్వేం చెప్పావో అది కూడా ఉండాలి. ఆవకాయ జాడీ పార్సిల్‌లో వస్తోంది, మూత బిగించి టేపు వేశాను, నిలబెట్టి తెరువు.

అమ్మ