2022 మార్చి బడి ముచ్చట్లు: కరోనా టీకాలు, మాస్కులు, ఏప్రిల్ నుంచి మారే రూల్స్

తల్లిదండ్రులందరికీ నమస్తే.

ఈసారి లెటర్ జర పొడుగైంది. పొద్దున చాయ్ తాగుకుంట సగం, రాత్రి సగం చదువుకున్నా సరే, కానీ చదవండి. ఏప్రిల్ 1 నుంచి బడిల కొన్ని రూల్స్ మారుతున్నయి, ఎందుకు మారుతున్నయో తెల్వకుంటే గేటు కాడ వాచ్‌మన్‌తోని లొల్లి అయితది, మొన్ననే ఒకటి అయ్యింది గూడ.

కరోనా మొదలైనప్పుడు, 2020 మార్చి 14 శనివారం సాయంత్రం, టీవీల స్క్రోలింగ్ చూసి స్టాఫ్ గ్రూప్‌ల "సోమవారం నుంచి బడి బంద్, 31 దాకా" అని పెట్టిన. పదిహేను రోజులే గదా అనుకుని ఐదో తరగతి బోర్డు మీద హోంవర్క్ గూడ తుడవలేదు. మళ్ల జూన్‌ల రూములు దులిపిద్దామని తాళం తీస్తే అంతా బూజు, ఆ సుద్ద రాత మాత్రం అట్లనే ఉన్నది. తర్వాత సంగతి మీరంతా చూసిందే, 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులు వచ్చినయి, నెలాఖరుకు 6 నుంచి 8 వచ్చినయి, వాళ్లు బెంచీల మీద సర్దుకునేలోపే మార్చి 24 నుంచి మళ్ల బంద్, సెప్టెంబర్ 1న తెరిస్తే 2022 జనవరిల సంక్రాంతి సెలవులు పెరుగుకుంట పెరుగుకుంట నెలాఖరుదాక పోయినయి, ఫిబ్రవరి 1న మళ్ల గంట కొట్టినం. ఇప్పుడు మూడో తరగతిల ఉన్న పిల్లలకు బడి అంటే ఒకటో తరగతే యాదికున్నది. మొన్న ఒక పిల్లగాడు టీచర్ ప్రశ్న అడిగితే లేచి నిలబడి "మేడం, అన్‌మ్యూట్ చేసుకోవాల్నా" అన్నడు. అందరం నవ్వినం గానీ నాకైతే లోపల కలుక్కుమన్నది.

సరే, టీకాల ముచ్చటకు వస్త. బడులు బంద్ అయ్యి సరిగ్గ రెండేండ్లకు, 2022 మార్చి 16న 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కార్బెవాక్స్ మొదలైంది. 15 దాటినోళ్లకు జనవరి 3నే కోవాక్సిన్ మొదలుపెట్టిన్రు, మన 10వ తరగతోళ్లు చాలామంది రెండు డోసులు అయిపోగొట్టుకున్నరు. రెండు టీకాలూ మన హైదరాబాద్ కంపెనీలవే, కోవాక్సిన్ భారత్ బయోటెక్‌ది, కార్బెవాక్స్ బయొలాజికల్ ఈ వాళ్లది. తయారుచేసే పద్ధతి మాత్రం వేరు. కోవాక్సిన్‌ల చంపేసిన వైరస్ ఉంటది, ఇగ అది పెరగలేదు. కార్బెవాక్స్‌ల వైరసే ఉండది, దాని మీది ముండ్ల ప్రొటీన్‌ల ఒక ముక్కను ఈస్ట్ అనే సూక్ష్మజీవిల పెంచి తీస్తరు. చిన్నప్పుడు మీ పిల్లలకు వేయించిన హెపటైటిస్ బి టీకా గూడ ఇట్లాంటి పద్ధతిలనే చేస్తరు, కాబట్టి "ఇదేదో కొత్త ప్రయోగం మా పోరగాండ్ల మీద చేస్తున్నరు" అని భయపడేటోళ్లు జర నిమ్మళించండి.

మార్చి 23న మన పిల్లలను, మీరు సంతకం పెట్టి పంపినోళ్లను మాత్రమే, దగ్గర్లున్న అర్బన్ హెల్త్ సెంటర్‌కు తీసుకపోయినం. మూడు ఆటోలు, ఇద్దరు టీచర్లు, నేను. అక్కడ ఏఎన్ఎం సిస్టర్ నీలం రంగు ఐస్ డబ్బా మూత తీసి సీసా బయటకు తీస్తుంటే ఎనిమిదో తరగతి పిల్లలంతా మెడలు చాపి చూస్తున్నరు, ఒక్కడు తప్ప. వాడు బాత్‌రూంల పోయి గొళ్లెం పెట్టుకున్నడు. కబడ్డీల ఐదుగురిని ఒక్కసారి ఈడ్చుకొచ్చేటోడు, సూది అంటే మాత్రం వణుకుతున్నడు. ఆశా అమ్మ పోయి తలుపు కాడ నిలబడి "బిడ్డా, నీ చెల్లె వేసుకున్నది, ఏడ్వలే" అన్నది. చెల్లె ఏడో తరగతి. గొళ్లెం తీసిండు. ఇగ వాని పేరు ఈడ రాయను, వానికి మాటిచ్చిన.

ఆ రోజు నాకు అసలు తలనొప్పి సూదితోని కాదు, ఆధార్‌తోని వచ్చింది. సూది వేసే రోజుకు 12 నిండి ఉండాలె. మన దగ్గర చాలామంది పిల్లల ఆధార్‌ల పుట్టిన తారీఖు ఒకటి, బర్త్ సర్టిఫికెట్‌ల ఇంకొకటి, బడి రిజిస్టర్‌ల మూడోది. ఏడో తరగతి అమ్మాయి ఒకామెకు నిజానికి 12 నిండి నాలుగు నెలలైంది, ఆధార్ లెక్కల ఇంకా 11. కంప్యూటర్ ఒప్పుకోలే, సిస్టర్ ఏం చేస్తది పాపం, వాపస్ పంపింది. ఆ పిల్ల ఆటోల కూసుని "మేడం, నేను ధైర్యంగనే వచ్చిన గదా" అని ఒకటే ఏడుపు. దయచేసి తారీఖులు సరిచేయించుకోండి, ఇది టీకా కోసమే కాదు, రేపు టెన్త్ మెమో కోసం గూడ.

ఇగ చాలామంది తల్లిదండ్రులు నన్ను ఫోన్ల అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "మేడం, రెండు డోసులు వేసుకున్నా మాకు జనవరిల కరోనా వచ్చింది గదా, మరి టీకా ఏం పనిచేసినట్టు?" న్యాయమైన ప్రశ్న. మన లెక్కల సార్‌ను అడిగితే స్టాఫ్‌రూం బోర్డు మీద చేసి చూపిచ్చిండు, నాకు అర్థమైనంత చెప్త.

కోవాక్సిన్‌కు 77.8 శాతం రక్షణ అని పేపర్ల చదివినం గదా. అంటే 100 మంది టీకా వేసుకుంటే 22 మందికి కరోనా వస్తదని అందరం అనుకున్నం, నేను గూడ అట్లనే అనుకున్న. అది తప్పు. వాళ్ల ట్రయల్‌ల లెక్కకు తీసుకున్నోళ్లల్ల సుమారు 8,500 మందికి అసలు టీకా, ఇంకో 8,500 మందికి టీకా మందు లేని ఉత్త సూది ఇచ్చిన్రు, ఎవరికి ఏదిచ్చిన్రో వాళ్లకు తెల్వదు. కొన్ని నెలలు చూస్తే ఉత్త సూది గుంపుల 106 మందికి లక్షణాలతోని కరోనా వచ్చింది, టీకా గుంపుల 24 మందికి. 106 మందికి రావాల్సింది 24 మందికి వచ్చిందంటే ఎంత తగ్గిందో దాదాపు అదే ఆ శాతం. ఇగ నాకైతే ఆ 77 కన్న ముఖ్యమైంది పక్కన ఇంకో లెక్క ఉన్నది, సీరియస్ అయినోళ్లు ఉత్త సూది గుంపుల 15 మంది, టీకా గుంపుల ఒక్కరు. టీకా పని ఏందో ఆ పదిహేనూ ఒకటీ చూస్తే తెలుస్తది. జలుబు, జ్వరం పూర్తిగ రాకుండ ఆపుడు దాని చేతిల లేదు, దవాఖాన మంచం దాకా పోకుండ ఆపుడు చాలావరకు దాని చేతిల ఉన్నది. పైగా ఆ ట్రయల్ ఒమిక్రాన్ అనే కొత్త రకం కరోనా రాకముందటిది. ఒమిక్రాన్ టీకా వేసుకున్నోళ్లకు గూడ సులువుగనే అంటుకుంటది, జనవరిల మనిళ్లల్ల జరిగింది అదే. ఇంటిల్లిపాదికి గొంతునొప్పి, మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు బజారుకు పోయినం. ఏడాది కింద రెండో వేవ్‌ల గిట్లనే పోయినమా?

కార్బెవాక్స్‌కు ఎంత శాతం అని అడుగుతున్నరు. దానికి ఇట్లాంటి శాతం లేదు, ఎందుకంటే అప్పటికే టీకాలు దొరుకుతుంటే ఉత్త సూది ఇచ్చి చూసుడు న్యాయం కాదని కోవిషీల్డ్‌తోని పక్కపక్కన పెట్టి రక్తంల వైరస్‌తోని కొట్లాడే యాంటీబాడీలు కొలిచి చూసిన్రు.

ఇంకో మాట బాగా తిరుగుతున్నది, "దవాఖానల ఉన్నోళ్లల్ల టీకా వేసుకున్నోళ్లే ఎక్కువ" అని. లెక్కల సార్ దీనికి గూడ ఒకటి చేసిండు. ఉత్త ఊహ కోసమే, ఊర్ల 1,000 మంది ఉన్నరు అనుకుందాం, 950 మంది టీకా వేసుకున్నరు, 50 మంది వేసుకోలే. వేసుకోనోళ్లల్ల 10 మంది దవాఖానకు పోయిన్రు, వేసుకున్నోళ్లల్ల 19 మంది పోయిన్రు. వార్డుల చూస్తే 19 పెద్దగ కనిపిస్తది, అవునా. కానీ 50ల 10 అంటే ఐదుగురికి ఒకరు, 950ల 19 అంటే యాభై మందికి ఒకరు. మనం వార్డు చూస్తున్నం గానీ ఊరిని చూస్తలేం. ఈ లెక్క 8వ తరగతి పరీక్షల ఇవ్వమని సార్‌కు చెప్పిన.

నా సొంత ముచ్చట ఒకటి చెప్పాలె, చెప్పకుంటే పైన రాసినదంతా పంతులమ్మ పాఠం లెక్క ఉంటది. నాకు షుగర్ ఉన్నది. 45 దాటి షుగర్, బీపీ లాంటి జబ్బులు చాన్నాళ్ల నుంచి ఉన్నోళ్లకు 2021 మార్చి 1 నుంచే టీకా ఇచ్చిన్రు. నేను వేసుకోలే. పరీక్షలు ఉన్నయి, జ్వరమొస్తే ఎట్ల, ఎండాకాలం పోనీ అని రోజులు జరుపుకుంట పోయిన, తెలిసినాయన ఒకాయన "షుగర్ ఉన్నోళ్లు వేసుకోవద్దు" అంటే అదే సాకు దొరికింది. ఏప్రిల్ చివర్ల అంటుకున్నది. మా ఆయన స్కూటర్ మీద హన్మకొండ, కాజీపేట, వరంగల్ మొత్తం తిరిగితే రాత్రి పదకొండింటికి ఒక ప్రైవేట్ దవాఖానల మంచం దొరికింది. పదకొండు రోజులున్న. పక్క మంచం ఆమె మూడో రోజు లేదు, ఆమె డ్రై ఫ్రూట్ లడ్డూ డబ్బా కిటికీ మీద అట్లనే ఉండె, ఎవ్వరూ తీయలే. షుగర్ ఉన్నోళ్లు వేసుకోవద్దని కాదు, ముందు వేసుకోవాల్సిందే షుగర్ ఉన్నోళ్లు, అందుకే గదా వాళ్లకు ముందు ఇచ్చింది. ఇండ్లల్ల 60 దాటిన అవ్వ, తాత ఉంటే వాళ్లకు బూస్టర్, అంటే మూడో డోస్, గూడ 2022 మార్చి 16న మొదలుపెట్టిన్రు, అప్పటి రూల్ ప్రకారం రెండో డోసయ్యి తొమ్మిది నెలలు అయితే చాలు, పిల్లలతోపాటు తోలుకపోండి.

పోయిన నెల మేడారం జాతర టైంల నాకు నిద్ర లేదు. నాలుగు రోజులు, ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా, సగం బడి జాతరకే పోయింది, వద్దంటే ఆగుతరా, అమ్మవార్లకు బంగారం, అంటే బెల్లం, మొక్కుకున్నోళ్లు. వచ్చినంక రెండు వారాలు రోజూ అటెండెన్స్ రిజిస్టర్ పట్టుకుని జ్వరాలు లెక్కపెట్టిన. ఎప్పటిలెక్కనే ఒకటో రెండో. అప్పటికే మూడో వేవ్ తగ్గుతున్నది, కాబట్టి ఘనతంతా టీకాకే ఇయ్యను, కానీ నాకు ధైర్యం వచ్చింది అప్పుడే.

ఇగ రూల్స్. విపత్తు నిర్వహణ చట్టం కింద రెండేండ్ల నుంచి నడుస్తున్న కరోనా ఆంక్షలు 2022 మార్చి 31తోని అయిపోతున్నయని కేంద్రం చెప్పింది, మాస్కు, చేతులు కడుక్కునుడు మాత్రం కొనసాగించుమన్నది. మన బడిల అన్నీ ఒక్కరోజే ఎత్తేస్తలేం. ముందు పనికిరానివి తీసేస్తున్నం.

గేటు కాడ నుదుటి మీద పెట్టి జ్వరం చూసే ఆ తుపాకీ మిషన్ బంద్. మార్చి ఎండల నడిచొచ్చిన పిల్లల నుదురు కాలుతనే ఉంటది, మొన్న లొల్లి అయ్యింది దాని మీదనే, పిల్లగాణ్ణి చెట్టు కింద కూసోపెట్టి నీళ్లిచ్చి మళ్ల చూస్తే మామూలుగ ఉన్నది, కానీ అప్పటికే వాళ్ల నాయన వాచ్‌మన్ మీదికి పోయిండు. బెంచీలకు రోజూ హైపో, అంటే క్రిములను చంపే బ్లీచింగ్ మందు, కొట్టుడు గూడ బంద్. ఈ వైరస్ బెంచీల మీద నుంచి కన్న గాలిలకెళ్లే ఎక్కువ అంటుకుంటదని ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, ఆ హైపో వాసనకు పిల్లలు దగ్గుడే ఎక్కువైంది. దానికి పెట్టే పైసలతోని మూడు రూములకు కొత్త కిటికీలు పెట్టిచ్చినం, జాలీతోని. కిటికీలు మాత్రం మూసేది లేదు, ఎండ వస్తున్నదని ఎవరన్నా మూస్తే నేనే వచ్చి తీస్త.

ప్రేయర్ మళ్ల గ్రౌండ్‌ల మొదలైతది, అక్కడ మాస్క్ అవసరం లేదు. క్లాసుల, బస్సుల మాత్రం ఎండాకాలం సెలవులదాక పెట్టుకోవాలె, పర్కాల, ఆత్మకూరు రూట్ బస్సులల్ల పిల్లలు ఎట్ల కిక్కిరిసి వస్తరో మీకు తెలుసు. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు ఎక్కడా వద్దు. ఐదేండ్లలోపు వాళ్లకు మాస్క్ పెట్టొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ జనవరిలనే చెప్పింది, అయినా కొందరు అమ్మలు రెండు మాస్కులు కట్టి పంపుతున్నరు, పాపం పిల్లలు ఊపిరాడక వాటిని బొమ్మ మెడల కడుతున్నరు.

జ్వరం ఉంటే పంపకండి. ఇది మాత్రం కరోనా పోయినా ఉంటది. నూటికి నూరు హాజరుకు ఇచ్చే బహుమతి ఈ ఏడు నుంచి రద్దు చేసిన, ఆ బహుమతి కోసమే కదా క్రోసిన్ వేసి పంపేటోళ్లు. టీకా వేయించుడు మీ ఇష్టం, వేసుకోని పిల్లలను వేరే బెంచి మీద కూసోపెట్టుడు, క్లాసుల పేరు పెట్టి అడుగుడు ఉండది, ఏ టీచరన్నా అడిగితే నాకు ఫోన్ చేయండి. 2022 మార్చి నాటికి 12 ఏండ్లలోపు పిల్లలకు ఇంకా టీకా మొదలు కాలే, వాళ్లకు మన రక్షణే రక్షణ, అంటే ఇంట్ల పెద్దోళ్లది పూర్తిగ అయ్యుండాలె.

సూది వేసినంక అరగంట అక్కడనే కూసోవాలె. చెయ్యి నొప్పి, ఒకరోజు జ్వరం మామూలు. ఊరికెనే ముందే గోలీ వేయకండి, జ్వరమొస్తే డాక్టర్‌ను అడిగి వేయండి.

మార్చి 23న వేసుకున్నోళ్లకు 28 రోజులంటే ఏప్రిల్ 20 బుధవారం రెండో డోస్. ఒంటిపూట బడి కాబట్టి బడి విడిచినంక ఆటోలు పెడుతున్న. ఏనుమాముల మార్కెట్‌ల మిర్చి సీజన్ నడుస్తున్నది, చాలామంది మీరు పొద్దున పొద్దున్నే యార్డుకు పోతరు, ఫోన్ లేపరు, అందుకే సంతకం కాయితం ఈ శుక్రవారమే పిల్లల డైరీల పెట్టి పంపుతున్న. ఉగాదినాడు పచ్చడి తినుకుంట సంతకం పెట్టి సోమవారం పంపండి, ఆధార్ జిరాక్స్ ఒకటి జతచేసి, వెనుక మీ ఫోన్ నంబర్ రాసి. బాత్‌రూం గొళ్లెం నేను అప్పటికి పీకిస్త.

మీ
హెడ్ మేడం