శాలువాలు సరే, తాతగారి యూనిట్టు పేరు రాసుకున్నారా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా కార్గిల్ విజయ దినం జూలై 26న, 1971 యుద్ధ విజయ దినం డిసెంబరు 16న జిల్లా పేజీల్లో మాజీ సైనికులకు శాలువాలు కప్పుతున్న ఫొటోలు చూస్తుంటాం. పక్కనే 'ప్రాణాలకు తెగించి పోరాడారు' అని ఒక వాక్యం. ఆయన ఏ యూనిట్టు, ఏ ఏడాది, ఎక్కడ, ఏం పని చేశారు అన్నది మాత్రం ఉండదు. ఆ నాలుగూ లేని కథ కొడుకు నోట చిలవలు పలవలు వేస్తుంది, మనవడి దాకా వెళితే పుక్కిటి పురాణమే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో సైనికుల స్మారక స్తూపం ఉంది కాబట్టి ఊరి సంగతి ఊరికి గుర్తుంది. మిగతా డెల్టా ఊళ్ళలో ఆధారం ట్రంకుపెట్టెలోని కాగితాలే.

రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళినవారు ఎవరైనా ఉంటే ఇప్పటికి నూరేళ్ళు. 1962 చైనా యుద్ధం చూసినవారు ఎనభై దాటారు. 1971 పాకిస్తాన్ యుద్ధం వారికి డెబ్భై అయిదు అటూ ఇటూ. వచ్చే సంక్రాంతికి ఇంటికొచ్చే మనవలు, మనవరాళ్ళు పందేల బరి దగ్గర గడిపే సమయంలో ఒక పూట ఇటు కేటాయిస్తే చాలు.

ముందు పెట్టె తెరవండి, ప్రశ్నలు తర్వాత. డిశ్చార్జి బుక్కులో చేరిన తేదీ, ట్రేడు, వచ్చిన మెడల్సు ఉంటాయి. అది పోతే పింఛను కాగితంలో నంబరు, ర్యాంకు, రికార్డ్స్ ఆఫీసు పేరు దొరుకుతాయి. నంబరు ముందు 'జె.సి.' అని ఉంటే ఆయన కనీసం నాయబ్ సుబేదారు దాకా వెళ్ళారన్నమాట. పాత ఉత్తరాలుంటే చిరునామా చూడండి. 56 ఏ.పి.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు) అంటే ఢిల్లీ మీదుగా, 99 ఏ.పి.ఓ. అంటే కలకత్తా మీదుగా పోయేవి. '99' ఉన్న కవరు దొరికితే ఆయన తూర్పు వైపు ఉన్నారని తేలిపోతుంది. మెడల్ అంచును వెలుగులో తిప్పి చూస్తే చాలావాటి మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్టు సన్నటి అక్షరాల్లో కనిపిస్తాయి. పండక్కి ఇత్తడి సామానుతో పాటు వాటినీ చింతపండు పెట్టి తోమే ఇళ్ళున్నాయి. నాలుగు పండగలు అలా తోమితే ముందు అరిగేది ఆ అంచే. పొడిగుడ్డతో తుడిచి కాగితంలో చుట్టి పెట్టండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి అయిదో జార్జి బొమ్మ మెడల్ వెండిది. అది కంసాలి దగ్గర కరిగిపోయిన ఇళ్ళు ఎన్నో!

మన దగ్గర కాగితానికి శత్రువులు చెమ్మ, చెదలు. 86 వరదలోనూ, 96 తుపానులోనూ తడిసిన పుస్తకాలు ఇప్పటికీ అట్టలు అంటుకుపోయి ఉంటాయి. వాటిని ఎండలో వేస్తే వంకర్లు తిరిగి పెళుసెక్కుతాయి. నీడలో, ఫ్యాను గాలికి, పేజీకీ పేజీకీ మధ్య తెల్లకాగితం పెట్టి, తడిసిన కాగితాన్ని మారుస్తూ ఆరబెట్టాలి. లామినేషన్ చేయించవద్దు, ఆ వేడికి సిరా పాడైతే మళ్ళీ రాదు. సెల్లోటేపు కూడా వద్దు, కొన్నేళ్ళకు పసుపు మరక మిగిల్చి ఊడిపోతుంది. అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకకండి. ఫ్లాషు లేకుండా, కాస్త ఏటవాలుగా, అద్దం మీదుగానే ఫోనుతో తీయండి. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలే. బాల్‌పెన్ను నొక్కుడు ముందువైపు గీతలై లేస్తుంది.

ఇక మాట్లాడించడం. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద ఆయనకు జానెడు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపండి. గాలి హోరు చెవికి తెలియదు గానీ రికార్డులో మాటల్ని మింగేస్తుంది. మొదట తేదీ, ఊరు, ఆయన పేరు, అడిగేవారి పేరు చెప్పాలి. ముప్పావుగంటకు మించకూడదు. వినే చుట్టాలు ఎక్కువైతే ఆయన కథ చెప్పరు, ఉపన్యాసం చెబుతారు. "ఎంతమందిని చంపారు తాతయ్యా?" అన్న ప్రశ్నతో కూర్చుంటే అక్కడితో నోరు మూతపడుతుంది. "నిడదవోలులో రైలెక్కాక ఎన్నాళ్ళకు చేరారు? అక్కడ ఏం పెట్టేవారు? కాలికి బూటా, కాన్వాసు జోడా?" అని మొదలెట్టండి. గొంతు వణికితే టీ తెప్పించండి, ఆ పూటకు అక్కడితో వదిలేయండి. అమ్మమ్మనో నాయనమ్మనో విడిగా అడగాలి. మనియార్డరు ఏ నెల ఆగిందో, ఉత్తరం రాని రోజులెన్నో ఆవిడకే గుర్తు. ఆయన పక్కనుంటే ఆవిడ మాట్లాడరు.

మిలటరీ అంటే అందరూ కాల్చినవాళ్ళే అనుకోవడం ఇంకో చిక్కు. బెంగుళూరులోని మద్రాస్ సాపర్లలోనూ (సైన్యపు ఇంజనీర్లు), సిగ్నల్సులోనూ (కబుర్లు అందించేవారు), సర్వీస్ కోర్‌లోనూ (సరుకులు చేరవేసేవారు), ఈ.ఎం.ఇ.లోనూ (బళ్ళు, ఆయుధాలు మరమ్మతు చేసేవారు) చేసినవారి కథలు నాకు మరీ ఇష్టం. సాపరును బెయిలీ వంతెన గురించి అడిగి చూడండి. ఒక్కో ఇనుప పలక 10 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు, బరువు దాదాపు 260 కిలోలు, మోసేది ఆరుగురు. పలకల్ని పిన్నులతో కలిపి, ముందు తేలికపాటి ముక్కు కట్టి, రోలర్ల మీద ఇవతలి గట్టు నుంచే అవతలికి తోస్తారు. వెనక బరువు చాలకపోతే ముక్కు ఏట్లోకి ఒరుగుతుంది. కాలవల మీద బల్లకట్టు, పంటు చూసిన మనవాళ్ళకు ఈ లెక్క ఇట్టే పడుతుంది, కానీ అడిగేవాళ్ళేరీ?

విన్నదాన్ని సరిచూడటం ఆయన్ని అనుమానించడం కాదు. జ్ఞాపకంలో రెండు యుద్ధాలు కలిసిపోతుంటాయి, బావగారి అనుభవం తనదై కూర్చుంటుంది. అందుకని కాగితం మీద 'కళ్ళారా చూసింది', 'అక్కడ విన్నది', 'తర్వాత చదివింది' అని మూడు గళ్ళు పెట్టుకోండి. ఆయుధం మంచి సాక్షి. 1962లో చాలా యూనిట్ల చేతిలో ఉన్నది త్రీ నాట్ త్రీ రైఫిలు. పది తూటాలు, ఒక్కో దెబ్బకూ బోల్టు వెనక్కి లాగి తోయాలి. 1962 కథలో 20 తూటాల ఎస్.ఎల్.ఆర్. (తూటా తనంతట తానే ఎక్కించుకునే రైఫిలు) వచ్చిందంటే 1971 సంగతి ఏదో అందులో దూరిందేమో చూడాలి. పాత పేర్లు కూడా తెలిసుండాలి. 'నేఫా' అంటే ఇప్పటి అరుణాచల్, 'మణిపూర్ రోడ్' అంటే నాగాలాండ్‌లోని దిమాపూర్ రైల్వే స్టేషను. ఇవి తెలియక 'తాతగారు మణిపూర్‌లో రైలు దిగారు' అని రాస్తుంటారు. తేదీ గుర్తు రాకపోతే "పెద్దమ్మాయి పుట్టాకా, ముందా?" అని అడిగితే సంవత్సరం చిక్కుతుంది.

తిరిగి రానివారి కోసం కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో వెతకవచ్చు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన భారతీయ సైనికుల పేర్లూ అందులో ఉన్నాయి. బర్మాలో పోయి, సమాధి కూడా తెలియనివారివి రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద చెక్కారు, అక్కడ దాదాపు 27 వేల పేర్లున్నాయి. ఇంటిపేరుతో వెతికితే సాధారణంగా దొరకదు. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. సొంత పేరును నాలుగైదు రకాల స్పెల్లింగులతో కొట్టి, తండ్రి పేరు, తాలూకాతో పోల్చుకోవాలి. మొదటి యుద్ధం నాటి కాగితాల్లో తణుకు, భీమవరం వైపు వాళ్ళ జిల్లా 'కిస్ట్నా' అని ఉంటే తప్పనుకోకండి. పశ్చిమ గోదావరి ఏర్పడింది 1925లో, అంతకుముందు ఆ తాలూకాలు కృష్ణా జిల్లాలోవే.

యూనిఫారం వేయనివారినీ వదలకండి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక, రంగం (రంగూన్) వెళ్ళిన మనవాళ్ళు టాంగప్ కనుమ మీదుగానో, తమూ నుంచి ఇంఫాల్ మీదుగానో నడిచి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీదా, విశాఖ మీదా బాంబులు వేశాయి. ఆనాడు ఊరొదిలి మేనమామల ఇళ్ళకు వెళ్ళిన కుటుంబాల కథలు కూడా యుద్ధం కథలే.

మీకో మనవి. ఇలాంటి కథ ప్రచురించినప్పుడు పేరు, ర్యాంకు, యూనిట్టు, చోటు, సంవత్సరం తప్పక వేయండి. ఎవరు చెప్పగా ఎవరు రాశారో కూడా వేయండి. 'నాయక్' ర్యాంకు, దాన్ని ఇంటిపేరు చేయకండి. ఇప్పటికీ సర్వీసులో ఉన్నవారి యూనిట్టు ఎక్కడుందో మాత్రం అచ్చు వేయకండి. పింఛను కాగితం ఫొటో వాడితే అందులోని బ్యాంకు ఖాతా నంబరు కొట్టేసి మరీ వేయండి.

ఇట్లు
ఒక పాఠకుడు, తణుకు