నాలుగో ప్లేస్ చూసి ఫామ్ లేదని రాసేయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ స్పోర్ట్స్ పేజీలో అప్పుడప్పుడూ యూరప్ సైకిల్ రేసుల గురించి నాలుగు లైన్లు వేస్తున్నారు, అందుకు ముందుగా థాంక్స్, ఐపీఎల్ రోజుల్లో ఆ నాలుగు లైన్లకి చోటు దొరకడమే గొప్ప. కానీ ఎప్పుడు చూసినా ఒకటే వరస, ఫలానా వాడు గెలిచాడు, ఫలానా వాడు రెండు, ఇంక ఓడిపోయిన పెద్ద పేరు ఏదైనా ఉంటే ఫామ్ లేక వెనకబడ్డాడు అని ఒక ముక్క తగిలిస్తారు. వన్ డే రేసుల్లో ఆ ముక్క చాలాసార్లు తప్పు అవుతుంది సార్. టూర్ ద ఫ్రాన్స్ లాగ మూడు వారాలు ఉండదు కదా, ఈరోజు పోతే రేపు చూసుకుందాం అనడానికి, ఆరు గంటలు తొక్కింది ఆఖరి నిమిషంలో ఒక్క లెక్క తప్పితే పోతుంది, కాళ్ళలో ఎంత బలం మిగిలున్నా సరే.

బెల్జియంలో జరిగే వన్ డే రేసు, 2022 టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ తీసుకోండి. టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన స్లొవేనియా రేసర్ పొగాచర్‌కి అదే మొదటి ఫ్లాండర్స్. రిజల్ట్ షీట్లో నాలుగో ప్లేస్, పోడియం కూడా లేదు. కానీ ఆరోజు క్వారెమాంట్, పాటర్‌బర్గ్ అనే రాళ్ళ రోడ్డు గుట్టల మీద అందర్నీ చిత్తుచేసింది ఆయనే, నెదర్లాండ్స్ రేసర్ వాన్ డర్ పూల్ ఒక్కడే అంటిపెట్టుకుని ఉండగలిగాడు. ఇద్దరే చివరి కిలోమీటర్లోకి వచ్చి, ముందు దూకినవాడే గాలిని కోయాలి, వెనకున్నవాడికి సుఖం కాబట్టి, నువ్వు ముందు స్ప్రింట్ మొదలెట్టు అంటే నువ్వు మొదలెట్టు అని ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ స్లో అయిపోయారు, ఆ గ్యాప్‌లో వెనకనించి వాన్ బార్లె, మదువా ఫుల్ స్పీడ్‌లో వచ్చి పడ్డారు, పొగాచర్ మధ్యలో ఇరుక్కుపోయి బయటికి దారి లేక చేతులు విసిరేశాడు. వాన్ డర్ పూల్ గెలిచాడు. ఇది ఫామ్ లేకపోవడమా? మరుసటి ఏడాది అదే రేసులో అదే పొగాచర్ స్ప్రింట్ దాకా రానివ్వకుండా క్వారెమాంట్ మీదే వాన్ డర్ పూల్‌ని వదిలించుకుని ఒక్కడే వెళ్ళి గెలిచాడు. ఆ నాలుగో ప్లేస్ ఎందుకొచ్చిందో తెలిస్తేనే ఈ గెలుపు ఎలా వచ్చిందో అర్థమవుతుంది.

దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది 2025 ఏప్రిల్ 2న బెల్జియంలోనే జరిగిన ద్వార్స్ దోర్ వ్లాండరెన్ రేసు. ముందు గుంపులో నలుగురే, అందులో ముగ్గురు ఒకే టీమ్, విస్మా వాళ్ళు, వాన్ ఆర్ట్, బెనూట్, జోర్గెన్సన్. నాలుగోవాడు అమెరికా కుర్రాడు పావ్‌లెస్ ఒంటరి. ఇలాంటప్పుడు ముగ్గురూ వంతులేసుకుని అటాక్ చెయ్యాలి, అంటే ఉన్నట్టుండి స్పీడ్ పెంచి ముందుకి దూకాలి, ఒకడు వెళ్తే పావ్‌లెస్సే పట్టుకోవాలి, మిగతా ఇద్దరూ అతని వెనక హాయిగా కూర్చుంటారు, పట్టుకోగానే రెండోవాడు వెళ్తాడు, అలా రెండుమూడుసార్లు చేస్తే ఎంత గట్టివాడైనా పడిపోతాడు. వాళ్ళు అది చెయ్యలేదు. అంతకుముందు ఏడాది ఇదే రేసులో వాన్ ఆర్ట్ పడిపోయి కాలర్‌బోన్, పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు, అందుకని ఇక్కడే గెలవాలని పట్టుదల, టీమ్ అంతా ఆయన స్ప్రింట్ కోసమే తొక్కింది. తీరా స్ప్రింట్‌లో పావ్‌లెస్ దాటిపోయాడు. తప్పు నాదే అని వాన్ ఆర్ట్ తర్వాత ఒప్పుకున్నాడు, ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. కానీ ఆ రిజల్ట్ మాత్రమే చూసినవాళ్ళు వాన్ ఆర్ట్ పని అయిపోయింది అనేశారు. నాలుగు రోజులకి ఫ్లాండర్స్‌లో ఆయన నాలుగో ప్లేస్, అదీ పొగాచర్, పెడర్సన్, వాన్ డర్ పూల్ తర్వాత. పని అయిపోయినవాడు అక్కడ ఉంటాడా చెప్పండి.

మాది జయపురం, కోరాపుట్ జిల్లా. ఆదివారం పొద్దున్నే తెలుగు కుర్రాళ్ళు, ఒడియా కుర్రాళ్ళు కలిసి గేర్ సైకిళ్ళ మీద బొరిగుమ్మ వైపు వెళ్తారు, నేనూ వెళ్తుంటాను. ఎదురుగాలిలో ముందువాడి చక్రానికి జానెడు దూరంలో మన చక్రం పెట్టామంటే తొక్కడం ఆపేసినా కాసేపు బండి అలా పోతూనే ఉంటుంది, ఫ్రీవీల్ టకటకమని చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు వింటే ముందున్నవాడికి ఒళ్ళు మండుతుంది. అదే కోరాపుట్ ఘాట్‌లో మలుపు దగ్గర నిటారుగా ఉన్నచోట వెనక నక్కినా పెద్ద లాభం లేదు, స్పీడే లేనప్పుడు గాలి ఎక్కడిది. 2025లో ఇటలీలో జరిగిన మిలాన్ సాన్‌రెమో రేసులోనూ, ఆ తర్వాత ఫ్లాండర్స్‌లోనూ కనబడింది ఈ తేడానే సార్. సాన్‌రెమో దాదాపు 290 కిలోమీటర్ల రేసు, చివర్లో పోజ్జో అనే ఎక్కుడు, 3.7 కిలోమీటర్లు, వాలు సగటున నాలుగు శాతం కూడా లేదు, అంటే స్పీడ్ తగ్గదు, వెనకున్నవాడికి గాలి చాటు దొరుకుతుంది. పొగాచర్ దానికి ముందొచ్చే చిప్రెస్సా ఎక్కుడు మీద అటాక్ చేశాడు, పోజ్జో మీదా చేశాడు, వాన్ డర్ పూల్ వదల్లేదు, స్ప్రింట్‌లో గెలిచాడు కూడా. పదిహేను రోజుల తర్వాత ఫ్లాండర్స్ రాళ్ళ ఎక్కుడు మీద, గాలి చాటు పెద్దగా పనికిరాని చోట, అదే పొగాచర్ అదే వాన్ డర్ పూల్‌ని వదిలేసి వెళ్ళిపోయాడు. వాన్ డర్ పూల్‌కి ఆ మధ్య ఒంట్లో బాగోలేదన్న మాట కూడా ఉంది, అదీ కలిసుండొచ్చు, కానీ రోడ్డు మారిందన్న సంగతి వదిలేసి ఒకడు ఫామ్‌లోకి వచ్చాడు ఇంకొకడు పోయాడు అని రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

ఫామ్ అసలు అక్కర్లేదని కాదు నేననేది. అది లేకపోతే చివరి పది కిలోమీటర్లలో ముందు గుంపులో ఉండనే ఉండరు. కాకపోతే బయటికి కనబడేది అన్నిసార్లూ నిజం కాదు. 2016లో ఆస్ట్రేలియా రేసర్ మాథ్యూ హేమన్ చెయ్యి విరగ్గొట్టుకుని ఇంట్లో గ్యారేజీలో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ని కదలకుండా నిలబెట్టే స్టాండ్ మీద తొక్కుకుని, ఆరు వారాలకే ఫ్రాన్స్‌లో జరిగే పారిస్ రూబే రేసు గెలిచాడు, ఐదో టైటిల్ మీద కన్నేసిన బూనెన్‌ని స్ప్రింట్‌లో కొట్టి. ముందురోజు ఏ పేపర్లో ఫేవరెట్ల లిస్టు వేసినా ఆయన పేరు ఉండదు.

నేను అడిగేది పెద్ద ఆర్టికల్ కాదు సార్. అవే నాలుగు లైన్లలో చివర్లో ముందు గుంపులో ఎంతమంది ఉన్నారు, ఏ టీమ్ వాళ్ళు ఎంతమంది, గెలిచినవాడు ఎన్ని కిలోమీటర్లు మిగిలుండగా విడిపోయి ముందుకి వెళ్ళాడు, ఇంతే వెయ్యండి, ఫామ్ మాట తీసేస్తే ఆ చోటు సరిపోతుంది. ఆదివారం రేసు మనకి రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో అయిపోతుంది, సోమవారం పేపర్లో పట్టే టైమే అది.

ఇట్లు
మీ పాఠకుడు,
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా